ఒకే బల్ల ముందు

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాల వాళ్లు దక్షిణ ఇండియా సంఘంగా ఏకమయ్యారు. మెదక్ మెథడిస్టులు, డోర్నకల్ ఆంగ్లికన్లు అలా ఒక గూటికి చేరారు. కాగితం మీద కలవడం సులువే. కలిపి నిలిపింది మాత్రం ఉమ్మడి ప్రార్థనేనని నా అభిప్రాయం. 1950లో వచ్చిన ప్రభు భోజన సంస్కారపు ఆరాధన క్రమంలో గురువు బల్ల వెనక, జనానికి ఎదురుగా నిలబడతాడు. సమాధానాన్ని, అంటే శాంతిని, చేతుల మీదుగా ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. పక్కనున్నది ఎవరైనా చెయ్యి చాపాల్సిందే.

ఉమ్మడి ప్రార్థన ఎందుకు, తలుపు మూసుకుని రహస్యంగా ప్రార్థించమని యేసే చెప్పాడు కదా అంటారు కొందరు. ఆ హెచ్చరిక నలుగురూ చూడాలని వీధి మూలల్లో నిలబడేవాళ్లకు. అదే బోధలో ఆయన నేర్పిన పరలోక ప్రార్థనలో ఆహారం అడిగేది అందరి కోసం. ఇలా పుస్తకంలోని క్రమం ప్రకారం చేసే ప్రార్థన చిలకపలుకులవుతుందన్న భయంలో కొంత నిజముంది. అయితే చదువురాని సంఘస్థులకు ఆరాధనలో వంతు దక్కింది గురువు మాటలకు కంఠతా చెప్పే జవాబులతోనే.