ఇరవై ఏడు సొరుగుల బీరువా

2001 జనవరి 15న వికీపీడియా మొదలైనప్పుడు దానికి డేటాబేసు లేదు. పెర్ల్ భాషలో రాసిన ఒక ప్రోగ్రాము, దాని పక్కన కొన్ని ఫోల్డర్లు, ఫోల్డర్ల నిండా మామూలు టెక్స్టు ఫైళ్ళు. అంతే సరంజామా. వ్యాసానికొక ఫైలు. ఇంగ్లిష్ వికీపీడియా మొదటి ఏడాదంతా దీని మీదే నడిచింది. ఆ ఏడాది చివరికి ఇరవై వేల వ్యాసాల దాకా పోగయ్యాయి.

ఆ ప్రోగ్రాము పేరు యూజ్‌మాడ్‌వికీ. ఈ రోజు దాని పేరు తలిచేవాళ్ళు తక్కువ. వెబ్‌సైటు అనగానే ముందు డేటాబేసు పెట్టుకోవాలి అనుకునే వాళ్ళు మాత్రం దాని కథ ఒకసారి వినాలి.

దాని వంశం అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో మొదలవుతుంది. వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు తన తోటి ప్రోగ్రామర్లు ఎవరైనా వచ్చి రాసుకునే, ఎవరైనా దిద్దుకునే పేజీల సైటొకటి 1995 మార్చి 25న తెరిచాడు. హొనలులూ విమానాశ్రయంలో టెర్మినళ్ళ మధ్య తిరిగే బస్సును అక్కడివాళ్ళు ‘వికీ వికీ’ అంటారు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని. ఆ పేరే పెట్టాడు. ఆ ఆలోచనను పీటర్ మెరెల్ అందుకుని సీవీవికీ రాశాడు, దాన్ని మార్కస్ డెంకర్ ఆటిస్‌వికీగా మార్చాడు, దాని మీద క్లిఫర్డ్ ఆడమ్స్ యూజ్‌మాడ్‌ను కట్టాడు. యూజ్‌నెట్ చర్చల్లో మంచి చెడు ఏరడానికి అతను తలపెట్టిన ప్రాజెక్టు పేరులోంచి ‘యూజ్‌మాడ్’ వచ్చింది. ఆ ప్రాజెక్టు మాటేమో గానీ, దాని కోసం రాసుకున్న వికీ మిగిలింది.

జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ అప్పటికి న్యూపీడియా అనే విజ్ఞాన సర్వస్వం నడుపుతున్నారు. పండితులు రాయాలి, ఏడు దశల్లో పరిశీలన జరగాలి. అందువల్ల వ్యాసాలు కార్తె మారినప్పుడల్లా ఒకటి చొప్పున కూడా రాలేదు. 2001 జనవరి మొదట్లో బెన్ కోవిట్జ్ అనే మిత్రుడు భోజనాల దగ్గర సాంగర్‌కి వికీ సంగతి చెప్పాడు. రెండు వారాలు తిరక్కుండానే వికీపీడియా వెబ్‌లో ఉంది. అంత తొందరగా ఎలా కుదిరింది? పెట్టాల్సింది ఒక్క ఫైలు గనక. సర్వరులో ఫోల్డరు చూపించి, ప్రోగ్రాముకి రాసే అనుమతి ఇస్తే పని అయిపోయింది.

ఇప్పుడు బీరువా తలుపు తీసి లోపల చూద్దాం.

పేజీ పేరు ఏ అక్షరంతో మొదలైతే ఆ అక్షరం పేరున్న ఫోల్డరులోకి ఆ ఫైలు వెళుతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు ఇరవై ఆరు సొరుగులు. ఇంగ్లిష్ అక్షరంతో మొదలవనివాటికి ‘అదర్’ అని ఇరవై ఏడోది. కాబట్టి మన ‘అమరావతి’ నుంచి ‘హంపి’ దాకా అన్నీ ఆ చివరి సొరుగులోనే కుక్కుకుని ఉండేవన్నమాట. ఫైలు పేరు చివర మాత్రం ‘.డీబీ’ అని ఉండేది. డేటాబేసు అన్న మాట ఆ తోకలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఎవరైనా ఒక పేజీ అడిగితే ప్రోగ్రాము నిద్ర లేచి, పేరు సవ్యంగా ఉందో లేదో చూసి, సొరుగు లాగి, ఫైలు తెరిచి, అందులోని గుర్తులను వెబ్ పేజీగా మార్చి, పైనా కిందా అలంకారాలు తగిలించి పంపి, మళ్ళీ నిద్రపోతుంది. ఎవరు ఎప్పుడు ఏ పేజీ దిద్దారో ఇంకో టెక్స్టు ఫైలు చివర ఒక్కో పంక్తిగా చేరుతుంది. ‘ఇటీవలి మార్పులు’ అని మనం ఈ రోజు చూసే పేజీకి మూలం ఆ చిట్టా.

ఇద్దరు ఒకేసారి రాస్తే? డేటాబేసు ఉన్నచోట ఈ తగవు అదే తీరుస్తుంది. ఇక్కడ ఆడమ్స్ వాడిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది. రాయబోయే ముందు ప్రోగ్రాము ఒక ఖాళీ ఫోల్డరు సృష్టిస్తుంది. ఒకే పేరుతో ఒకేచోట రెండు ఫోల్డర్లు ఉండకూడదు కాబట్టి, ఇద్దరు ఒకే క్షణాన ప్రయత్నించినా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకరికే ఒప్పుకుంటుంది. రెండోవాడు కాసేపు ఆగి మళ్ళీ అడగాలి. రాయడం అయ్యాక ఫోల్డరు తీసేస్తారు. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేయడమే ఇది. చిక్కల్లా, రాస్తూ రాస్తూ ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోతే రుమాలు అక్కడే ఉండిపోతుంది. సీటు ఖాళీయే, కానీ ఎవ్వరూ కూర్చోరు. అలాంటప్పుడు చేత్తో తాళం తీయడానికి విడిగా ఒక మీట పెట్టాడు.

పేజీల మధ్య లంకె వేసే పద్ధతి ఇంకా తమాషా. రెండు మాటలు కలిపేసి, ఒక్కోదాని మొదటి అక్షరం పెద్దది చేస్తే అదే లంకె అవుతుంది. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేని తెలుగుకి ఇది పనికిరాదు. ఇంగ్లిష్‌వాళ్ళకీ విసుగే పుట్టింది. ఒంటి మాటల పేర్లకు లంకె వేయడానికి వికారమైన కలపడాలు చేసేవాళ్ళు. వికీపీడియన్ల పోరు మీద ఆడమ్స్ 2001లో జంట చదరపు బ్రాకెట్ల లంకె చేర్చాడు. తెలుగు వికీపీడియాలో ఈ పూట లంకె వేసినవాళ్ళు కూడా కొట్టింది ఆ బ్రాకెట్లే. పాత పద్ధతి ఆనవాళ్ళూ పోలేదు: ఇంగ్లిష్ వికీపీడియా మొత్తాన్ని దించుకుంటే అందులో మొట్టమొదట కనబడే పేజీ ‘యాక్సెసిబుల్‌కంప్యూటింగ్’, రెండు మాటలూ ఖాళీ లేకుండా అతుక్కుని.

ఇక అసలు విశేషం. ఒక పేజీ ఫైలులో వ్యాసం ఒక్కటే ఉండదు. ఎన్నో కూర్పు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నీ ఉండాలి. అన్నిటినీ ఒకే దారంలా గుచ్చి మధ్యలో ఒక ముడి వేయాలి. ముడిగా వేసే అక్షరం వ్యాసంలో ఎవరూ రాయనిదై ఉండాలి. ఆడమ్స్ ఎంచుకున్నది 179వ సంఖ్య గల బైటు. అప్పటి పాశ్చాత్య భాషల అక్షర పట్టికలో అది ఘనపు మీటరు రాసేటప్పుడు పైన వేసే చిన్న 3. జాగ్రత్త కోసం, ఎవరు ఏం రాసి పంపినా అందులోంచి ఆ బైటును తీసేసి మరీ దాచుకునేవాడు. ఇంగ్లిష్‌వాడికి పోయేది ఘనపు మీటరు మీది 3 ఒక్కటే.

తెలుగువాడి సంగతి వేరు. యూనికోడ్‌లో, ఇప్పుడు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో, ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. ‘ళ’ తీసుకోండి: 224, 176, 179. ఆ మూడోది చూశారా? వర్ణమాల అంతా గాలిస్తే ఆ బైటున్న తెలుగు అక్షరం ‘ళ’ ఒక్కటే. అంటే యూటీఎఫ్-8 తెలుగును పాత యూజ్‌మాడ్‌లో దాచి ఉంటే మిగతా అక్షరాలన్నీ క్షేమంగా ఉండి, ‘ళ’ మాత్రం కాలూ చెయ్యీ విరిగి ప్రశ్నార్థకంగా తేలేది. నీళ్ళు, కళ్ళు, పెళ్ళి, అన్నీ గల్లంతు. ఈ వ్యాసంలో ‘ఫైళ్ళు’ అన్న మాట సైతం దక్కేది కాదు. తర్వాతి కూర్పులో ఎవరూ పొరపాటున కూడా రాయలేని నాలుగు బైట్ల ముడిని వాడుకునే వీలు పెట్టారు. డేటాబేసు లేకుండా సొంతంగా ఏదైనా కట్టుకునేవాళ్ళు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: ముడి వేసే గుర్తు ఎప్పుడో ఒకప్పుడు ఎవరి భాషలోనో అక్షరమవుతుంది.

వికీపీడియాకి ఈ బీరువా ఎక్కడ చాలలేదు? వెతకడంలో. ఒక మాట కోసం వెతికితే ప్రోగ్రాము సొరుగులన్నీ లాగి ఒక్కో ఫైలూ చదవాలి. వందల పేజీలకు పర్వాలేదు, వేలకి చేరేసరికి ఆయాసమే. 2002 జనవరి 25న ఇంగ్లిష్ వికీపీడియా మాగ్నస్ మాన్స్కె రాసిన కొత్త ప్రోగ్రాముకి మారింది. అతను జర్మనీలోని కొలోన్‌లో జీవశాస్త్ర విద్యార్థి. భాష పీహెచ్‌పీ, వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేసు. డేటాబేసు వచ్చింది కదా అని కష్టాలు తీరలేదు. జనం పెరిగేసరికి అదీ మొరాయించింది. అదే ఏడు జూలైలో లీ డేనియల్ క్రాకర్ మళ్ళీ మొదటి నుంచి రాశాడు. తర్వాత మీడియావికీ అని పేరు పడింది దీనికే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది కాబట్టి మన ‘ళ’కు గండం తప్పింది.

డేటాబేసు లేని పద్ధతి అక్కడితో పోలేదు. 2004లో జర్మనీలో ఆండ్రియాస్ గోర్ డోకువికీ రాశాడు. ఇప్పటికీ బతికే ఉంది, పేజీలు ఇప్పటికీ టెక్స్టు ఫైళ్ళే. వెతకడానికి ముందే ఒక సూచిక తయారుచేసుకుంటుంది, అదీ టెక్స్టు ఫైళ్ళలోనే. పాత కూర్పులను దాచే ఫోల్డరుకు ‘అటక’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ పేరు పెట్టారు. పాత బిందెలు ఎక్కించినట్టే ఎక్కిస్తుంది. తెలుగువాళ్ళు ఇందులో ఒకటి చూసుకోవాలి. మామూలుగా ఇది తెలుగు పేరును ఫైలుకు పెట్టేటప్పుడు ఒక్కో గుర్తును తొమ్మిది ఇంగ్లిష్ గుర్తులుగా విప్పి రాస్తుంది. ‘శ్రీకృష్ణదేవరాయలు’లో అక్షరాలు, గుణింతాలు, పొల్లులు కలిపి పదిహేడు, ఫైలు పేరు 153 గుర్తులవుతుంది. లినక్స్‌లో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. రాయలవారు పడతారు, బిరుదులతో సహా అయితే పట్టరు.

ఇరవై పేజీల బడి సైటుకో, ఊరి గ్రంథాలయం సైటుకో డేటాబేసు సర్వరు పెట్టుకోవడం, నాలుగు కొబ్బరికాయలు తేవడానికి లారీ మాట్లాడుకోవడమే అని నా అభిప్రాయం. ఆ సర్వరు ఒక్క రాత్రి పడుకుందంటే పొద్దున సైటంతా తెల్లకాగితం. ఫైళ్ళతో కట్టుకునేవాళ్ళు రెండు పనులు మరవకుండా చేయాలి. పేజీ పేరులో రెండు చుక్కలూ గీతా కలిపి రాసి ఫోల్డరు గోడ దూకే ప్రయత్నం ఎవరైనా చేస్తే అక్కడే ఆపాలి. కొత్త రాతను నేరుగా పాత ఫైలు మీద రాయకూడదు; పక్కన తాత్కాలిక ఫైలులో పూర్తిగా రాసి, ఆ తర్వాత పేరు మార్చాలి. మధ్యలో కరెంటు పోతే కొత్తది పోవచ్చు గానీ పాతది చెక్కు చెదరకూడదు.

యూజ్‌మాడ్ పాత కూర్పులను మామూలుగా రెండు వారాలే ఉంచి పారేసేది. అందుకని వికీపీడియా తొలి రోజుల రాతలు శాశ్వతంగా పోయాయనే అనుకున్నారు. 2010 డిసెంబరులో వికీపీడియా ప్రోగ్రామరు టిమ్ స్టార్లింగ్ పాత సామాను వెతుకుతూ ఉంటే 2001 ఫిబ్రవరి, మార్చి, ఆగస్టు నెలల నకళ్ళు మూడు దొరికాయి. వాటిని చదవడానికి ఏ డేటాబేసు సర్వరునూ నిద్ర లేపనక్కర్లేకపోయింది. అవి టెక్స్టు ఫైళ్ళు.