పాత కెమెరా, కొత్త వ్యవస్థ

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో అనేక కార్యాలయాలు విండోస్ 11 వైపు మళ్లాయి. ఇటువంటి మార్పు వచ్చినప్పుడు మూలపడేది చాలాచోట్ల చిన్న పరికరమే. పాత 32-బిట్ కంప్యూటర్‌పై చక్కగా పనిచేసిన వెబ్ కెమెరా, కొత్తదానికి తగిలించగానే గుర్తుతెలియని పరికరంగా మిగిలిపోతుంది. దానిని తుక్కు జాబితాలో చేర్చే ముందు, లోపం ఎక్కడున్నదో విచారించడం ఇంజినీర్లుగా మన కర్తవ్యం. తరచు కెమెరా కన్ను చెడి ఉండదు. దాని మాటను కంప్యూటర్‌కు తెలియజెప్పే దుబాసీ మాత్రమే కరవై ఉంటాడు. ఆ దుబాసీయే డ్రైవర్.

కెమెరాకొక భాష ఎందుకు?

తొలినాటి యూఎస్‌బీ గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. 640×480 బిందువుల రంగుల చిత్రాలను, బిందువుకు 24 బిట్ల చొప్పున, సెకనుకు 30 పంపాలంటే సుమారు 221 మెగాబిట్లు కావాలి. కాబట్టి తయారీదారులు చిత్రాన్ని కెమెరాలోనే తమతమ పద్ధతులలో కుదించి పంపేవారు. దానిని తిరిగి విప్పే విద్య వారిచ్చిన డ్రైవర్‌కే తెలుసు. 2003లో యూఎస్‌బీ వీడియో క్లాస్ (యూవీసీ) అనే ఉమ్మడి ప్రమాణం వెలువడిన తరువాత ఈ పరిస్థితి మారసాగింది. ఆ ప్రమాణాన్ని పాటించే కెమెరాకు ప్రత్యేక డిస్కు అక్కరలేదు.

అడ్డంకులు రెండు

మొదటిది, 32-బిట్ డ్రైవర్ 64-బిట్ వ్యవస్థ కేంద్రకంలో పనిచేయదు. విండోస్ 11కు 32-బిట్ రూపమే లేదు. ‘కంపాటిబిలిటీ మోడ్’ వలన ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ నడవవచ్చు గాని, డ్రైవర్ స్వభావం మారదు. రెండవది డిజిటల్ సంతకం. 64-బిట్ విస్టా నాటి నుండి కేంద్రకంలో చేరే డ్రైవర్‌కు సంతకం తప్పనిసరి. అది లేనిచో డివైస్ మేనేజర్‌లో ‘కోడ్ 52’ కనిపిస్తుంది. అసలు డ్రైవరే లేనిచో కనిపించేది ‘కోడ్ 28’.

పరిశీలనా క్రమం

మా విభాగంలో ఈ పనిని మేము కింది క్రమంలో నిర్వహిస్తున్నాము.

1. డివైస్ మేనేజర్‌లో కెమెరా ‘హార్డ్‌వేర్ ఐడీలు’ చూసి వీఐడీ, పీఐడీ సంఖ్యలు రాసుకుంటాము. ఒకే పేరుతో అమ్ముడైన కెమెరాలలో వేర్వేరు చిప్‌లు ఉండవచ్చును గనుక పెట్టెపై పేరును నమ్ముకోరాదు.

2. ‘కంపాటిబుల్ ఐడీలు’లో క్లాస్ 0ఈ అని ఉంటే అది యూవీసీ కెమెరా కావచ్చు. అప్పుడు పాత సాఫ్ట్‌వేర్‌ను తొలగించి, విండోస్‌లోనే ఉన్న ‘యూఎస్‌బీ వీడియో డివైస్’ను ఎంపిక చేస్తాము.

3. కానిచో తయారీదారు సొంత స్థానంలో 64-బిట్ డ్రైవర్ కోసం చూస్తాము. విస్టా, విండోస్ 7 కాలపుదైనా సంతకముంటే పరీక్షించి చూడదగినదే.

4. అదీ లభించనిచో లినక్స్ శరణ్యం. మిషెల్ జార్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రారంభించిన ‘జీఎస్‌పీసీఏ’ డ్రైవర్ల సముదాయం 2008లో లినక్స్ కేంద్రకంలో చేరింది. యూవీసీకి పూర్వపు కెమెరాలెన్నింటికో అది ఆధారం. విండోస్ 11కు అర్హత లేని పాత కంప్యూటర్ కూడా ఈ విధంగా సేవలో కొనసాగగలదు.

ఒక హెచ్చరిక అవసరం. సంతకపు తనిఖీని నిలిపివేసి డ్రైవర్‌ను ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి. అపరిచిత స్థానాలలో డ్రైవర్లు ఉచితంగానూ దొరుకుతాయి. కేంద్రకంలో చేరిన డ్రైవర్‌కు కంప్యూటర్‌పై సర్వాధికారం ఉంటుంది. ఒక కెమెరా కోసం కార్యాలయపు తలుపు గడియ తీసిపెట్టడం తగదు. పై నాలుగు మార్గాలూ మూసుకుపోతే ఆ కెమెరాకు వీడ్కోలు పలకడమే సమంజసం. దానిని 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన సంస్థకే అప్పగించాలి.

కొనుగోలు వేళ

మరమ్మతు కన్నా ముందుచూపు మేలు. మన టెండరు పత్రాలలో చిత్ర స్పష్టతను, తీగ పొడవును, హామీ కాలాన్ని శ్రద్ధగా రాస్తాము. ‘యూవీసీ ప్రమాణానికి అనుగుణంగా ఉండవలెను’ అనే ఒక్క వాక్యాన్ని కూడా చేర్చుదాము. సొంత భాష మాట్లాడే పరికరపు ఆయుష్షు తయారీదారు ఆసక్తి ఉన్నంత వరకే. బహిరంగ ప్రమాణాన్ని అనుసరించిన పరికరం ఆ తయారీదారు వ్యాపారం మానుకున్నా పనిచేస్తూనే ఉంటుంది. ప్రజాధనంతో కొనే వస్తువుకు ఈ పరీక్ష తప్పక పెట్టవలసిందే.