వార్తల్లో పదం: ఫుడ్ నాయిస్

రాత్రి భోజనం అయింది, కడుపు నిండుగానే ఉంది. అయినా మనసు వంటింట్లో జంతికల డబ్బా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఆకలితో పని లేకుండా తిండి గురించి తలలో ఆగకుండా సాగే ఈ రొదనే ‘ఫుడ్ నాయిస్’ అంటున్నారు. ఇదేమీ జబ్బు పేరు కాదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్లతో ఈ మాట వార్తల్లోకెక్కింది. వాటిలో సెమాగ్లూటైడ్ అనే మందును ఊబకాయానికి వాడేందుకు అమెరికా 2021లో అనుమతించింది. మన మార్కెట్లోకి మౌంజారో, వెగోవీ అనే ఇంజెక్షన్లు 2025లో వచ్చాయి. పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1 హార్మోన్‌లా పనిచేసే ఈ మందులు మెదడులోని ఆకలి కేంద్రాలనూ శాంతపరుస్తాయి. వాడినవాళ్లలో చాలామంది ‘రొద సద్దుమణిగింది’ అన్నారు. మందు మానేస్తే బరువు తిరిగి పెరగడమూ మామూలే.

ఈ రొదను పెంచేవీ ఉన్నాయి. ఒత్తిడిలో కార్టిసాల్ హార్మోన్ పెరిగి తీపి, నూనె సరుకుల మీదికి మనసు లాగుతుంది. నిద్ర చాలకపోతే ఆకలి పెంచే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువవుతుంది. టిఫిన్ మానేస్తే సాయంత్రానికి రొద ముదరొచ్చు. అలాంటప్పుడు ‘నోరు కట్టుకో’ అంటే ఏం లాభం? వేళకు పప్పో గుడ్డో ఉన్న భోజనం, కంటినిండా నిద్ర, డబ్బాతో కాకుండా గిన్నెలో పెట్టుకుని తినడం ఇంతకంటే మేలు. చాటుగా తినడం, ఆపుకోలేకపోవడం తరచూ జరుగుతుంటే డాక్టరును కలవండి. ఇంజెక్షన్ మాత్రం సొంతంగా కొనుక్కోకండి.