విశాఖ నుంచి చింతపల్లి దాకా కారు క్యాంపింగ్: ఒక్క ఫోన్‌ని నమ్ముకుంటే ఏమైంది?

రాత్రి 7:50. విజయనగరం జిల్లా చింతపల్లి లైట్‌హౌస్‌కి కాస్త అవతల, ఇసుకలో మా టెంట్. 8 గంటలకల్లా ఫోన్ చేస్తానని అమ్మకి మాటిచ్చాను. చేతిలో ఉన్న ఫోన్‌లో చార్జింగ్ 9 శాతం, సిగ్నల్ సున్నా. పవర్ బ్యాంక్ పెడితే 'పోర్ట్‌లో తేమ ఉంది' అని వార్నింగ్. ఐపీ68 రేటింగ్ ఉన్న ఫోనే ఇది!

మ్యాప్, కెమెరా, టార్చ్, పర్సు... అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా, వేరే ఏవీ ఎందుకని తమ్ముడితో పందెం కట్టి మరీ బయల్దేరాను. ఆ పందెం ఎలా ఓడిపోయానో చెప్తాను.

ఉదయం: రోడ్డు సూపర్, ఫోన్ హీటర్

ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి. కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన కొండలు. మన రాష్ట్రంలో ఇంత అందమైన డ్రైవ్‌లు తక్కువే. ఫోన్‌ని డ్యాష్‌బోర్డ్ మీద హోల్డర్‌లో పెట్టి, మ్యాప్స్ ఆన్ చేసి, ఫాస్ట్ చార్జింగ్ పెట్టి, మధ్యమధ్యలో 4కే వీడియో కూడా తీశాను.

ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి వచ్చేసరికి స్క్రీన్ డల్ అయిపోయింది, చార్జింగ్ ఆగిపోయింది. తప్పు ఫోన్‌ది కాదు. యాపిల్, శాంసంగ్ లాంటి కంపెనీలే తమ ఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమంటాయి. అద్దం వెనక నేరుగా ఎండ పడే చోట ఆ లిమిట్ ఎప్పుడో దాటిపోతుంది. హోల్డర్‌ని ఏసీ వెంట్ దగ్గరికి మార్చాక గానీ దారిలో పడలేదు.

మధ్యాహ్నం: నెట్ పోయినా మ్యాప్ పోలేదు

గోస్తని నది సముద్రంలో కలిసే భీమిలి దగ్గర భోజనం. అక్కణ్నుంచి తగరపువలస వచ్చి హైవే ఎక్కి, భోగాపురం దాటి, పూసపాటిరేగ నుంచి తీరం వైపు తిరిగాం. చిన్న రోడ్లలో డేటా వస్తూ పోతూ ఉంది. కానీ ముందురోజు రాత్రే ఇంట్లో వైఫై మీద ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేశాను కాబట్టి దారి తప్పలేదు. జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్‌తో పని లేదు, అది శాటిలైట్ల నుంచి వస్తుంది. ట్రాఫిక్ సమాచారం మాత్రం రాదు.

యూపీఐ దగ్గర దొరికిపోయాను. ఊళ్లో కొట్టు దగ్గర నీళ్ల క్యాన్ కొంటే పేమెంట్ తిరుగుతూనే ఉంది. తమ్ముడి జేబులో 200 నోటు ఉంది కాబట్టి బతికిపోయాం.

సాయంత్రం: ఐపీ68ని నమ్మి...

అలల దగ్గర స్లో మోషన్ వీడియో తీస్తుంటే ఒక అల నడుం దాకా వచ్చింది. ఫోన్ తడిసింది, నేను నవ్వేశాను. కానీ ఐపీ68 టెస్టులు మంచినీళ్లలో చేస్తారు, ఉప్పునీళ్లలో కాదు. ఫోన్ పనిచేసింది గానీ చార్జింగ్ పోర్ట్ మొండికేసింది. తడి పోర్ట్‌లో బలవంతంగా చార్జింగ్ పెడితే పిన్నులు తుప్పు పడతాయి. మంచినీళ్లతో కడిగి, మెల్లగా తట్టి, గాలికి ఆరబెట్టడమే మార్గం. పైగా సిగ్నల్ కోసం ఫోన్ అదే పనిగా వెతుకుతుంటే బ్యాటరీ ఇంకా తొందరగా తగ్గింది. ఆ సమయంలో ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాల్సింది.

రాత్రి: కీప్యాడ్ ఫోన్ గెలిచింది

తమ్ముడిదీ నాదీ ఒకే నెట్‌వర్క్, కాబట్టి వాడి ఫోనూ అంతే. అప్పుడే వలలు సర్దుకుని వెళ్తున్న ఒకాయన టార్చి వేసి చూశాడు.

"ఇక్కడేసినారేటి బాబూ డేరా? పోటొస్తే నీరు ఇక్కడదాకా వచ్చేస్తాది. పైకి జరుపుకోండి."

"అలాగే బాబాయ్. ఒక ఫోన్ చేసుకోవాలి, ఇక్కడ సిగ్నల్ ఎక్కడొస్తుంది?"

ఆయన జేబులోంచి కీప్యాడ్ ఫోన్ తీసిచ్చాడు. అది వేరే నెట్‌వర్క్, రెండు గీతలు ఉన్నాయి. 8:10కి అమ్మ గొంతు వినిపించింది. "పది నిమిషాలు లేటైతే ఎన్ని అనుకున్నానో తెలుసా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

టెంట్ పైకి జరిపి పడుకున్నాం. తెల్లారి సముద్రంలోంచి సూర్యుడు వస్తుంటే చూశాను: మేం ముందు టెంట్ వేసిన చోట ఇసుక తడిగా ఉంది, మీద కొత్త నాచు. ఏ యాప్ తెరిచినా చూపించేదేమో గానీ, తెరవాలని మాకు తట్టలేదు.

పవర్ బ్యాంక్ అసలు లెక్క

20,000 ఎంఏహెచ్ అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని 4 సార్లు నింపుతుందనుకోకండి. ఆ అంకె లోపలి సెల్స్‌ది, 3.7 వోల్టుల దగ్గర. 5 వోల్టులకి మార్చడంలో, వేడిలో పోగా చేతికొచ్చేది రెండున్నర సార్లు.

మీరు వెళ్తే ఇవి మర్చిపోకండి

- వేరే నెట్‌వర్క్ సిమ్‌తో పాత ఫోన్ ఒకటి, ఫుల్ చార్జింగ్‌తో.
- ఆఫ్‌లైన్ మ్యాప్, 500 రూపాయల చిల్లర, విడిగా ఒక టార్చి.
- సొంత నెట్‌వర్క్ లేకపోయినా 112 డయల్ చేయండి. అందుబాటులో ఉన్న వేరే నెట్‌వర్క్ మీద కూడా ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది.
- డ్రోన్ ఉంటే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూసుకోండి. విశాఖలో నేవీ ఎయిర్‌బేస్ ఉంది.
- టెంట్ వేసే ముందు ఆ ఊరి జాలర్లని అడగండి.

ఇంతకీ పందెం బిర్యానీ బాకీ ఉంది. ఈసారి డబ్బులు నోట్లలోనే ఇవ్వాలట.