మీ పిల్లికి మధుమేహమా?

అతిగా నీరు త్రాగుతూ, తింటున్నా చిక్కిపోతున్న పిల్లికి మధుమేహం ఉండవచ్చు. 1921లో టొరంటోలో కనుగొన్న ఇన్సులినే దానికీ ప్రాణాధారం. సాధారణంగా పన్నెండు గంటలకొకసారి చర్మం క్రింద ఇస్తారు. మోతాదు పశువైద్యుడే నిర్ణయించాలి.

మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ, 100 యూనిట్ల సీసాలూ దొరుకుతాయి. మొదటిదాని సిరంజితో రెండవ మందు ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది, ప్రాణాపాయమే. 45 డిగ్రీలకు చేరే ఢిల్లీ వేసవిలో సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచాలి; గడ్డకట్టనీయరాదు.

పిల్లి మాంసాహారి. పాలన్నం కంటె చేప, మాంసం మేలు. తిండి ముట్టని పూట వైద్యుని అడగనిదే సూది వేయరాదు. తూలిపడితే చిగుళ్ళకు తేనె రాసి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

శ్రద్ధగా చూస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే తీరిపోతుంది. అప్పుడు పాత మోతాదే ప్రమాదం. కనుక రక్తపరీక్ష మానరాదు.