చాదస్తమా? రుగ్మతయా?

కోయంబత్తూరు గాంధీపురమునందైనను, మధురయందైనను, మన తెలుగు లోగిళ్లలో పదేపదే చేతులు కడుగుకొనువారిని, తాళము వేసితినా లేదాయని పలుమార్లు తిరిగి చూచువారిని చాదస్తులని నవ్వి ఊరకుందుము. ఆచారము వేరు, ఈ రుగ్మత వేరు. మడి కట్టుకొన్నవారికి పని ముగిసినంతనే తృప్తి కలుగును. ఒ.సి.డి. అను రుగ్మత గలవారికి ఆ తృప్తి లేదు. వలదన్న తలంపు మనస్సున చొచ్చును. ఆ భయము తీరుటకు ఒకే పనిని మరల మరల చేయుదురు. క్షణకాలము ఊరట, పిదప మరల అదే భయము. అది అర్థరహితమని పెక్కుమందికి తెలిసియే యుండును.

ఇది వంశపారంపర్యమా? రోగి తోబుట్టువులకు, సంతానమునకు దీని అవకాశము ఇతరులకన్న అధికము. బాల్యమున మొదలైనచో మరింత అధికము. కవలలపై జరిగిన పరిశోధనలు జన్యువుల పాలు సుమారు సగమని సూచించుచున్నవి. 2025లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రిక ప్రకటించిన పరిశోధనలో 50,000కు పైబడిన రోగుల జన్యువులను పరీక్షింపగా, ఈ రుగ్మతతో సంబంధముగల 30 స్థానములు గోచరించినవి. ఒక్కొక్కదాని ప్రభావము స్వల్పమే. కావున సంక్రమించునది మొగ్గు మాత్రమే; అది ఏ వంశమునకును కళంకము కాదు.

పెండ్లి సంబంధములు చెడునని దాచినచో నష్టము రోగికే. భయమును ఎదుర్కొనుచు క్రియను ఆపుకొను శిక్షణయు, తగిన మందులును పెక్కుమందికి ఉపశమనమిచ్చును. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికై ప్రత్యేక చికిత్సా విభాగము కలదు. నవ్వుట మాని, వైద్యునికడకు తోడ్కొనిపోవుటయే బంధుధర్మము.