కాలం నిజంగా కదులుతోందా?

1962 జులై 16. మిషెల్ సిఫ్రే అనే 23 ఏళ్ల ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త ఆల్ప్స్ పర్వతాల్లోని స్కారసన్ గుహలోకి దిగాడు. చేతికి వాచీ లేదు. లోపలికి వెలుగు రాదు. పైనున్న మిత్రులకు ఫోన్ చేసి ‘నిద్ర లేచాను, తిన్నాను, పడుకుంటున్నాను’ అని చెప్పొచ్చు. అప్పుడు టైమెంతయిందో మాత్రం వాళ్లు చెప్పకూడదు. అదీ ఒప్పందం.

రోజులు గడిచాయి. ఓరోజు పైనుంచి కబురొచ్చింది... ‘ప్రయోగం పూర్తయింది, బయటికి రా’ అని. సిఫ్రే నమ్మలేదు. అతని లెక్క ప్రకారం ఆ రోజు ఆగస్టు 20. బయట క్యాలెండర్ చూస్తే సెప్టెంబరు 14! ఏకంగా 25 రోజులు లెక్కలోంచి జారిపోయాయి. సెకనుకో అంకె చొప్పున 120 దాకా లెక్కపెట్టమంటే అతనికి సుమారు అయిదు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాలే అయ్యాయనుకున్నాడు పాపం.

మరి ఆ 25 రోజులూ ఉన్నట్టా, లేనట్టా? అతని మనసునడిగితే లేవంటుంది. క్యాలెండర్‌నడిగితే ఉన్నాయంటుంది. కాలం మనిషి బుర్రలో పుట్టిన భావనా, లేక మనం ఉన్నా లేకపోయినా నడిచేదా అన్న పాత ప్రశ్న మళ్లీ ఇక్కడే తలెత్తుతుంది.

మనసు లెక్క వేరు

బస్సు కోసం ఎదురుచూసే పది నిమిషాలు గంటలా ఉంటాయి. మంచి సినిమా చూస్తే మూడు గంటలూ ఇట్టే అయిపోతాయి. చిన్నప్పుడు వేసవి సెలవులు ఎంతకీ తరిగేవి కావు. ఇప్పుడేమో ఒక ఉగాది వెళ్లీవెళ్లకముందే ఇంకో ఉగాది!

డేవిడ్ ఈగిల్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని పరీక్షకు పెట్టాడు. 2007లో ప్రచురించిన ఆ ప్రయోగంలో కొందరిని 31 మీటర్ల ఎత్తునుంచి వెనక్కి వాలి వలలోకి పడేలా వదిలారు. తాము పడిపోవడానికి అసలు సమయం కన్నా సగటున 36 శాతం ఎక్కువ పట్టిందని వాళ్లు చెప్పారు. నిజంగానే వాళ్లకి కాలం నెమ్మదించిందా? అదే జరిగుంటే, చేతికి కట్టిన పరికరంలో అతివేగంగా మారే అంకెల్ని చదవగలగాలి. ఎవరూ చదవలేకపోయారు. అంటే సాగింది కాలం కాదు... ఆ జ్ఞాపకం.

అలాగని అంతా మనసేననీ అనలేం. సిఫ్రే మనసు తప్పినా ఒళ్లు తప్పలేదు. అతని నిద్రామెలకువల చక్రం దాదాపు 24 గంటల 30 నిమిషాలకోసారి తిరుగుతూనే ఉంది. మన కణాల్లోనే గడియారం ఉందన్న సంగతి ఇప్పుడు రుజువైంది. అది నడిచే తీరు కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ దక్కింది. ఇంకా వెనక్కి వెళితే... పగలు ఆకులు విప్పి, రాత్రి ముడుచుకునే ఓ మొక్కని 1729లో ఫ్రాన్స్‌లో చీకట్లో ఉంచి చూశారు. ఎండ లేకపోయినా అది వేళకి ఆకులు విప్పింది. మొక్కకి మనసెక్కడిది!

నాగార్జునుడి మెలిక

మన వైశేషికులు కాలాన్ని తొమ్మిది ద్రవ్యాల్లో ఒకటిగా లెక్కించారు. మట్టి, నీరు ఎలాగో కాలమూ అలాగే ఉందన్నమాట. కృష్ణా తీరంలోని నాగార్జునకొండకు ఎవరి పేరుందని చెబుతారో ఆ బౌద్ధాచార్యుడు నాగార్జునుడు దీన్ని ఒప్పుకోలేదు. మూలమధ్యమకకారికలో 19వ ప్రకరణం కాలం మీదే. ఆరే ఆరు శ్లోకాలు. అందులోని తర్కం స్థూలంగా ఇదీ... నిన్నని బట్టే నేడు, రేపు ఉంటాయంటే అవి నిన్నలోనే ఉండి తీరాలి. నిన్నతో పనిలేకుండా ఉంటాయంటే ఇక వాటిని ‘నేడు’, ‘రేపు’ అని పిలవడమెలా? కాబట్టి కాలమనేది విడిగా, తనంతట తానుగా ఉండే వస్తువు కాదు.

పశ్చిమాన న్యూటన్ దీనికి పూర్తిగా ఎదురు. దేనితోనూ నిమిత్తం లేకుండా కాలం విశ్వమంతా ఒకే తీరున ప్రవహిస్తుందని 1687లో తేల్చేశాడు. సంఘటనలు ఒకదాని తర్వాత ఒకటి జరిగే వరసే కాలం, అంతకుమించి ఏం లేదని ఆయన సమకాలికుడు లైబ్నిజ్ వాదించాడు. రెండు శతాబ్దాలపాటు న్యూటన్ మాటే చెల్లింది.

మేడమీద వయసు త్వరగా!

1905లో ఐన్‌స్టీన్ వచ్చి ఆ ప్రవాహానికి గండికొట్టాడు. వేగాన్ని బట్టి కాలం నడక మారుతుందన్నాడు. తర్వాత, గురుత్వాకర్షణని బట్టి కూడా మారుతుందని చెప్పాడు. 1971లో హేఫెలె, కీటింగ్ అనే ఇద్దరు నాలుగు అణు గడియారాల్ని ప్రయాణికుల విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పారు. తూర్పువైపు వెళ్లినప్పుడు అవి సెకనులో వందకోట్ల వంతు చొప్పున 59 వంతులు వెనకబడ్డాయి. పడమటివైపు వెళ్లినప్పుడు 273 వంతులు ముందుకెళ్లాయి. 2010లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక గడియారాన్ని 33 సెంటీమీటర్లు... అంటే రెండు మెట్లంత పైకి లేపితే చాలు, అది వేగంగా నడుస్తుందని కొలిచి చూపారు. ఆ లెక్కన కింది వాటాలో వాళ్లకన్నా మేడమీద వాళ్లకి రవ్వంత త్వరగా వయసు పెరుగుతున్నట్టే!

ఇది ప్రయోగశాల ముచ్చటే అనుకుంటే పొరపాటు. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకెళతాయి. ఆ తేడాని సరిచేయకపోతే ఒక్కరోజులోనే దారి చూపే మ్యాపు పది కిలోమీటర్ల దాకా తప్పుతుంది. కాలం కేవలం మనిషి ఊహే అయితే, మనిషి లేని ఉపగ్రహంలో గడియారం అంత కచ్చితంగా తేడా చూపదు కదా!

రాళ్లు దాచిన సాక్ష్యం

మరో సాక్షి మన కడప జిల్లాలోనే ఉంది. వేంపల్లె పరిసరాల్లోని సున్నపురాళ్లలో పొర మీద పొరగా గీతలు కనిపిస్తాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు సముద్రం అడుగున ఒక్కో పొరా పేర్చుకుంటూ పోయిన ఆనవాళ్లవి. వాటి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. అప్పటికి మనిషి లేడు, చూసే కన్నే లేదు. అయినా కింది పొర ముందు పడింది, పై పొర తర్వాత పడింది. ఆ ‘ముందు’, ‘వెనక’లకు మన సాక్ష్యం అక్కర్లేదు.

మనం కల్పించుకున్నవీ ఉన్నాయి. కాకినాడకు దగ్గర్లో వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి దేశమంతా ఒకే టైము పెట్టుకున్నాం. నిజానికి అరుణాచల్ తూర్పు కొసన సూర్యుడు ఉదయించిన దాదాపు రెండు గంటలకుగానీ గుజరాత్ పడమటి కొసన తెల్లవారదు. గంట, వారం, టైమ్ జోన్... ఇవన్నీ మన ఏర్పాట్లు. కొలబద్ద మనదే, కొలిచేది మాత్రం మనది కాదు.

మరి ‘ఇప్పుడు’ ఎక్కడ?

అసలు చిక్కు మిగిలే ఉంది. భౌతికశాస్త్ర సమీకరణాల్లో ‘ఇప్పుడు’ అనే గుర్తు లేదు. చాలావరకు అవి ముందుకీ వెనక్కీ ఒకేలా పనిచేస్తాయి. పగిలిన కుండ తిరిగి అతుక్కోకపోవడానికి కారణం క్రమం నుంచి అక్రమానికి దారులు లెక్కలేనన్ని ఉండటమేనని 19వ శతాబ్దంలో బోల్ట్‌జ్‌మన్ వివరించాడు. కాలానికి బాణంలా ఒక దిశ వచ్చింది అందువల్లేనట. 1967 నాటి వీలర్-డివిట్ సమీకరణంలోనైతే మొత్తం విశ్వాన్ని వర్ణిస్తూనే కాలం అనే అంశమే కనబడదు. దాని అర్థమేమిటన్న చర్చ ఇంకా తెగలేదు.

ఇప్పటికి ధైర్యంగా చెప్పగలిగింది ఇంతే... ముందువెనకల వరస బయట ఉంది. అది జారిపోతోందన్న బాధ, ‘ఇప్పుడు’ అన్న మెరుపు బహుశా మనలో ఉన్నాయి.

1955 మార్చిలో ఐన్‌స్టీన్ ప్రాణమిత్రుడు మిషెల్ బెస్సో చనిపోయాడు. జ్యూరిక్‌లో ఐన్‌స్టీన్ చదువుకునే రోజుల్నించీ స్నేహం వాళ్లది. భూత, భవిష్యత్, వర్తమానాల మధ్య తేడా ఎంత గట్టిదైనా భ్రమేనని, తమలాంటి భౌతికశాస్త్రవేత్తలకు ఈ సంగతి తెలుసని ఐన్‌స్టీన్ ఆ కుటుంబానికి ఉత్తరం రాశాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే... ఏప్రిల్ 18న ఆయనా వెళ్లిపోయాడు. ఆ మాటే నిజమైతే, మనం పోగొట్టుకున్నవాళ్లు లేకుండాపోలేదు. వాళ్ల రోజుల్లో వాళ్లున్నారు. మనమే ఇంకో పుటలో ఉన్నాం.